బలమెవరిది?

యాదగిరిగుట్టపై కొలువున్న శ్రీ లక్ష్మీనరసింహస్వామిని భక్తులు వైద్య నరసింహుడని కొనియాడుదురు. పూర్వము నల్లగొండ జిల్లాలో నుండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన ఈ క్షేత్రమున, రోగపీడితులు నలువది దినములు దీక్షతో ప్రదక్షిణములు చేసి స్వస్థతను వేడుట తరతరముల ఆచారము. ఆరోగ్యవంతులై కొండ దిగినవారి కథలను మనము సంతోషముతో చెప్పుకొందుము. కాని, దీక్ష ముగిసినను కాలీడ్చుచునే దిగువారును కలరు. వారికి స్వామి ఏమి అనుగ్రహించినట్లు?

దేహబలమే జీవితముగా పెరిగినవానికి ఈ ప్రశ్న మరింత కఠినమైనది. మల్లునికి భుజము, ముష్టియోధునికి పిడికిలి కేవలము అవయవములు కావు. అతని పేరు, అన్నము, గౌరవము సమస్తమును అవియే. ఒక్క గాయముతో అవి పోయిననాడు, తాను ప్రేమించిన విద్యను అతడు ఏ కంటితో చూడవలెను?

నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్‌కు 2017లో భుజమునకు గాయమై, శస్త్రచికిత్స జరిగి, చాలకాలము బాక్సింగునకు దూరము కావలసివచ్చెను. పిదప ఆమె 2022లో ఇస్తాంబులునందును, 2023లో న్యూఢిల్లీయందును ప్రపంచ విజేతగా నిలిచెను. ఆ ఊరివాడే యైన మహమ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంటు ప్రపంచ పోటీలలో సెమీఫైనలు వరకు వచ్చి, మోకాటి గాయము వలన ఆ పోరునకు దిగలేక కంచు పతకముతో మరలెను. గాయము కొందరికి విరామము మాత్రమే. కొందరికి అదియే ముగింపు.

అట్టి ముగింపును చూచినవారు కోడి రామమూర్తి నాయుడుగారు. ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున జన్మించి, ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచి, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొని, కలియుగ భీముడనిపించుకొనిన మల్లవీరుడాయన. అట్టి మహాబలునకు కడపటి దినములలో కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు వలదని, ప్రాణాయామముతో మనస్సును నిలిపి ఆ శస్త్రచికిత్సను ఓర్చెనని చెప్పుకొందురు. 1942లో ఒడిశా ప్రాంతమందలి బలంగీరున ఆయన కన్నుమూసెను.

ఇందొక విశేషమున్నది. ఏనుగును మోసిన దేహము తన కాలిని నిలుపుకొనలేకపోయినది. కాని, గొలుసును తెంచిన ఊపిరియే బాధను ఓర్చిన ఊపిరియైనది. విద్య ఇచ్చిన కీర్తి బరిలోనే ఉండిపోయినను, విద్య నేర్పిన నిగ్రహము శస్త్రచికిత్స బల్లవరకు వెంటవచ్చినది. సాధనలో ఏది మనది, ఏది కాదు అనుటకు ఇంతకన్న స్పష్టమైన తార్కాణము వేరొండు కావలెనా?

ఇచ్చట మనము రెండు తొందరపాటు మాటలను విడువవలెను. మొదటిది, గాయపడినవానిని చూచి “పాపఫలము” అనుట. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో భూగర్భజలమందలి ఫ్లోరైడు వలన ఎందరి ఎముకలో వంగిపోయినవి. వారు ఎవరితో పోరిరి? దాహమైనప్పుడు నీరు త్రాగిరి, అంతియే. ఆచార్యభక్తి కొరకు కన్నులు కోల్పోయిన కూరత్తాళ్వానును ఏ వైష్ణవుడైన పాపియనునా? కర్మసిద్ధాంతము మన నడతను మనము దిద్దుకొనుటకే గాని, పొరుగువాని గాయముపై తీర్పు చెప్పుటకు కాదు.

రెండవది, ఆటను పూర్తిగా దూషించుట, లేదా దాని దోషమును పూర్తిగా కప్పిపుచ్చుట. మధురానగరమున కృష్ణబలరాములే మల్లరంగమున దిగి చాణూర ముష్టికులతో పోరిరి. కనుక మల్లవిద్య స్వతః నింద్యము కాదు. అయితే ఆనాడు, సుకుమారులైన బాలురను కొండలవంటి మల్లులతో పోరించుట అధర్మమనియు, అట్టి సభలో కూర్చుండరాదనియు పురస్త్రీలు వాపోయిరని భాగవతము చెప్పుచున్నది. చూచువారికిని బాధ్యత కలదని దాని భావము.

ఆ బాధ్యత నేడు మరింత పెరిగినది. తలపై పడు దెబ్బల వలన బాక్సర్ల మెదడునకు కలుగు హానిని గూర్చి మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు 1928లోనే వ్రాసెను. జగద్విఖ్యాతుడైన మహమ్మద్ అలీ 1981 డిసెంబరులో తన చివరి పోరు పోరెను. 1984లో ఆయనకు పార్కిన్సన్ వ్యాధి యున్నదని వైద్యులు నిర్ధారించిరి. దానికి దెబ్బలెంతవరకు కారణమో వైద్యులలోనే భిన్నాభిప్రాయములున్నవి. 1996లో అట్లాంటాలో వణకుచున్న చేతితో ఆయన ఒలింపిక్ జ్యోతిని వెలిగించుటను లోకమంతయు చూచెను. వణకు దాచుకొనలేదు, జ్యోతిని విడువలేదు.

మన సంప్రదాయము జీవుని శేషుడనును, భగవంతుడు శేషి. అనగా మనమును, మనకున్న సమస్తమును ఆయనకు చెందినవే. భుజబలము మన సొత్తుగాక, ఆయన మనయొద్ద ఉంచిన న్యాసము. ఇల్లడగా ఉంచిన సొమ్మును యజమాని తిరిగి తీసికొన్నప్పుడు దుఃఖము కలుగవచ్చును. దుఃఖించుట తప్పు కాదు. కాని, “నన్ను దోచుకొనిరి” అను మాట అప్పుడు నిలువదు. శరణాగతికి చెప్పబడిన ఆరు అంగములలో కార్పణ్యము ఒకటి. తన నిస్సహాయతను తాను సత్యముగా ఎరుగుటయే కార్పణ్యము. అది అవమానము కాదు. గజేంద్రుడు మకరితో చిరకాలము పోరెను. స్వామి వచ్చి “ఇంతకాలమేల పోరితివి?” అని అడుగలేదు. పోరుట తప్పు కాదు. బలముడిగిననాడు ఎవరిని పిలువవలెనో ఎరుగుటయే జ్ఞానము.

కనుక గాయపడిన యోధుడు తన విద్యను ద్వేషింపనక్కరలేదు. దానికి దాసుడు కానక్కరలేదు. అది నేర్పిన నిగ్రహమునకు కృతజ్ఞుడై, అది పుచ్చుకొనిన మూల్యమును దాచక చెప్పవలెను. తనయొద్దకు వచ్చు బాలునితో, “ఇది గొప్ప విద్య, ఇది నా మోకాలిని పుచ్చుకొన్నది, తలకు దెబ్బ తగిలిన దినమున బరికి రావలదు” అని మూడు మాటలును చెప్పగలవాడే నిజమైన గురువు. అహంకారము మిగిలియున్నవాడు మొదటి మాటయే చెప్పును. ద్వేషము మిగిలియున్నవాడు రెండవ మాటయే చెప్పును. మూడింటిని చెప్పుటకు బలమెవరిదో తెలిసియుండవలెను. పిల్లలను ఆటలకు పంపు గృహస్థులును ఇది గమనింతురు గాక. పతకము తెచ్చిననాడు ఎత్తుకొనుట ఎవరైన చేయుదురు; కుంటుచు ఇల్లు చేరిననాడు అదే గౌరవముతో పీట వేయుటయే కుటుంబధర్మము.

మహబూబ్‌నగర్ జిల్లాలోని కురుమూర్తి క్షేత్రమున కార్తికమాసపు జాతరలో స్వామివారి ఉద్దాలను భక్తిశ్రద్ధలతో ఊరేగింతురు. పాదుకలను సేవించుట యనగా ఆయన పాదముల నాశ్రయించుటయే. కాలీడ్చుచు కొండ దిగువానికి స్వామి ఏమిచ్చెనని మొదట అడిగితిమి. మన పాదములు నిలువలేని చోట నిలుచు పాదములు కలవను నమ్మకమును ఇచ్చెను. ఆ నమ్మకము మనకందరకును కలుగుగాక!