రంగు వేయరాని చోటు



యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయములో బలములేని గోడకు గచ్చు పూసినవారి సంగతి మీరెరుగుదురు.  వాన కురిసెను, వడగండ్లు పడెను. గోడ కూలి దాని పునాది బయటపడెను. ఈ భాగమును మేము ఎన్నో మారులు బోధించితిమి. ఆ గచ్చు పూసినవారిలో మేమును ఒకరమని గత సంవత్సరము తెలిసికొంటిమి.

మా సంఘ పెద్దలలో ఒకరికి తండ్రి నాటి అంబాసిడరు కారు ఉన్నది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరినుండి 2014 వరకు తయారుచేసిన బండి అది. మా ఊరిలో సగముమంది పెండ్లిండ్లకు ఆ కారే వచ్చినది. మందిర ప్రతిష్ఠ పండుగకు రాబోవు బోధకులను అందులోనే తీసికొని రావలెనని తలంచితిమి. పైన తెల్లరంగు బాగుగానే ఉన్నది గాని హబ్ క్యాపులు తీసి చూడగా చక్రములు తుప్పుపట్టి పెచ్చులు లేచియున్నవి.

బెజవాడ ఆటోనగరులో పని నేర్చుకొనిన యువకుడొకడు మా సంఘములో ఉన్నాడు. అతనిని పిలిపించితిమి. చక్రములను చూచి, "నాలుగు రోజులు కావలెను అయ్యగారూ" అన్నాడు. "రంగు వేయుటకు నాలుగు రోజులా?" అంటిమి. "రంగు ఒక పూట పనేనండి. రంగు పడకుండ మూయుటకే ఎక్కువ సమయము పట్టును."

అతడు చెప్పిన క్రమము ఇది. చక్రము విప్పి, గాలి తీసి, టైరు అంచును ఇనుమునుండి కొంచెము విడదీయవలెను. ఆ సందులో పాత పోస్టుకార్డులు ఒకదానిపై ఒకటి వచ్చునట్లు చుట్టును దోపవలెను. గాలి ఎక్కించు గొట్టమునకు కాగితము చుట్టవలెను. తీగ బ్రష్షుతోను ఉప్పుకాగితముతోను తుప్పు రాల్చి, నట్ల రంధ్రముల చుట్టు సన్నని పగుళ్లున్నవేమో వెదకవలెను. పగిలిన చక్రమునకు రంగు వేయరాదు, పారవేయవలసినదే. జిడ్డు తుడిచి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన తరువాత రంగును పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. టేపును మాత్రము రంగు బండబారక మునుపే వెనుకకు మడిచి మెల్లగా లాగవలెను. ఆలస్యమైనయెడల రంగు కూడ చిరిగి వచ్చును.

ఇవన్నియు విని తల ఊపితిమి. అయితే అతడు మరియొకటి చెప్పినాడు. నట్లు కూర్చుండు ఏటవాలు గుంటలను, వెనుకతట్టున చక్రము డ్రమ్ముకు ఆనుకొను భాగమును గుండ్రముగా టేపు కత్తిరించి మూయవలెనట. ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క బిళ్ల. అక్కడ మాకు ఓపిక నశించినది. పండుగకు రెండు రోజులే ఉన్నవి.

"నట్ల క్రింద ఎవరు చూచెదరు నాయనా?" అంటిమి.

అతడు మారు పలుకలేదు. అతడు భోజనమునకు వెళ్లినప్పుడు బ్రష్షు మేమే పుచ్చుకొని మిగిలిన మూడు చక్రములకు గుంటలతో సహా దట్టముగా పూసితిమి. పండుగనాడు చక్రములు మెరిసినవి. ఆ పొగడ్తను మేము కాదనలేదు.

పదునొకండవ దినమున, రాత్రివేళ, ప్రసవవేదన పడుచున్న సహోదరిని ఆ కారులో ఆసుపత్రికి తీసికొని పోవుచుండగా ముందు ఎడమ చక్రమునుండి టకటకమని శబ్దము వచ్చినది. ఆపి చూచినప్పుడు ఒక నట్టు లేదు, తక్కినవి చేతివేళ్లతో తిరుగుచున్నవి. దారిన పోవు ఆటోవాడు దేవుడు పంపినట్లు ఆగెను. తల్లియు బిడ్డయు క్షేమముగా ఉన్నారు. కాలువ గట్టు అక్కడికి ఎంత దూరమో తలంచినప్పుడెల్ల మాకు ఇప్పటికిని వణుకు పుట్టును.

ఇంతకంటె చెప్పుటకు సిగ్గైన సంగతి తరువాతిది. పెద్దల కూటములో ఎవరు నట్లు బిగించిరని అడుగగా, మేము ఆ యువకుని పేరు చెప్పితిమి. బిగించినది అతడే గనుక అది అబద్ధము కాదని మనస్సును సమాధానపరచుకొంటిమి. అతడు తల వంచుకొని వెళ్లిపోయెను. పూత పూసినది మా చేయి, మాట పడినది అతడు.

అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రి వచ్చి చక్రము విప్పెను. గుంటల అంచున రంగు నలిగి ఉంగరమువలె బయటికి పొంగియున్నది. "నట్టు ఇనుముమీద కూర్చుండవలెనండి, రంగుమీద కాదు. బండి నడచుకొలది రంగు నలిగి పలుచనగును. నట్టు తిరుగకుండగానే పట్టు పోవును. తరువాత అదే ఊడివచ్చును" అనెను. ఈ గుంటలలో ఎవరు పూసినారని అడిగెను. మాకు నోట మాట రాలేదు.

రంగు పాపము కాదు. నోవహు ఓడకు లోపలను వెలుపలను పూత పూయుమని ఆజ్ఞాపించినవాడు దేవుడే. పూత లేనియెడల చక్రము తుప్పుకు ఆహారమగును. మంచి మాట, మర్యాద, శుభ్రమైన వస్త్రము, ఇవి సంఘమునకు కావలసినవే. అయితే భారము మోయు చోట్లు కొన్ని ఉన్నవి. భార్యాభర్తలు ఒకరినొకరు నమ్ముకొను చోటు, కానుకల లెక్క చూపు చోటు, కాపరి తన తప్పు ఒప్పుకొనవలసిన చోటు. అక్కడ ఇనుము ఇనుమును తాకవలెను. మన సంఘములలో మాత్రము (మాదానితో మొదలుకొని చెప్పుచున్నాము) ఆ చోటులకే దట్టముగా పూయుట అలవాటైపోయినది.

తరువాతి ఆదివారము ప్రసంగము చేయలేదు. ఆ యువకుని తల్లి ముందు వరుసలో కూర్చుండగా, జరిగినది జరిగినట్లు చెప్పి అతనిని క్షమాపణ అడిగితిమి. అతడు అప్పుడేమియు అనలేదు. సోమవారము ఉదయము పాత పోస్టుకార్డుల కట్ట పట్టుకొని మా యింటికి వచ్చినాడు.

మూడు చక్రముల గుంటలలోని రంగు గీకి, మెరయు ఇనుము కనబడువరకు తుడిచితిమి. బిళ్లలు కత్తిరించుట మా వంతు. నట్లను ఒకదాని తరువాత ఒకటి వరుసగా గాక ఎదురెదురుగా బిగించవలెనని నేర్పినాడు. ఎనుబది కిలోమీటర్లు నడచిన తరువాత మరల బిగించి చూడవలెనట. ఆ దినము వచ్చినప్పుడు ఆరాధన ముగిసి అందరు వెళ్లుచుండగా, అతడు స్పానరు తెచ్చి మా చేతికే ఇచ్చెను.