ఎదిగిన పిల్లికి ఏ న్యాయము?

శరణాగతిని గూర్చి లోతుగా ఆలోచించిన శ్రీవైష్ణవాచార్యులు రెండు తల్లులను మన కన్నులయెదుట నిలిపినారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరచుకొని, తల్లి ఏ కొమ్మనుండి ఏ కొమ్మకు దుమికినను పట్టు సడలనీయక వ్రేలాడుచుండును. పిల్లికూన అట్లు కాదు. అది ఏమియు చేయదు, తల్లియే వచ్చి మెడవెనుకటి తోలును పండ్లతో మెత్తగా పట్టి ఎత్తుకొనిపోవును. మొదటిది మర్కటకిశోర న్యాయము, వేదాంతదేశికుల ననుసరించు వడకలై వారిది. రెండవది మార్జాలకిశోర న్యాయము, పిళ్లై లోకాచార్యులను, వారి శ్రీవచనభూషణమునకు వ్యాఖ్యానము రచించిన మణవాళ మహామునిని అనుసరించు తెంకలై వారిది. జీవుడు భగవంతుని పట్టుకొనవలెనా, భగవంతుడే జీవుని పట్టుకొనునా, ఆయనయే పట్టుకొనువాడైనప్పుడు జీవునకు మిగిలిన పని యేమి అను ప్రశ్న ఈ రెండు జంతువుల నడుమ కొన్ని శతాబ్దులుగా నలుగుచునే యున్నది.

ఈ వివాదము కావేరీతీరమునకు మాత్రమే చెందినది కాదు. ఉయ్యూరునకు దిగువగా కృష్ణ యొడ్డున నున్న శ్రీకాకుళములో ఆంధ్రమహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి ఆజ్ఞాపింపగా గోదాదేవి కథయైన ఆముక్తమాల్యద తెలుగున అవతరించినది. ఆళ్వారుల భక్తి ఈ నీటినేలమీద తెలుగు మాటలాడ నేర్చినది. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని వినని తెలుగు పసివాడు లేడు గనుక, మార్జాలన్యాయమును మనకు ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. కాని రెండు న్యాయములలోను ఉన్నవి పసికూనలే. తల్లి నోటినుండి ఎన్నడో జారిపోయి, తన గోళ్లతో తాను బ్రతికి, ఈడు వచ్చిన తరువాత మరియొకరి గడపలోనికి తేబడిన పిల్లి మాట అందెక్కడను లేదు.

అట్టి పిల్లి యొకటి మా యింట నున్నది. బియ్యపుమిల్లు గోడౌనులో, గోనెసంచుల సందున పుట్టినది. మనుష్యుని చేయి యనగా విసరు చేయి, గదుము చేయి అని మాత్రమే ఎరిగినది. వచ్చిననాటి నుండియు దాని నివాసము వడ్లగాదె క్రింది చీకటి. అన్నములో మెత్తళ్లు కలిపి పెట్టిన పళ్లెము మూడు బారల దూరమున నున్నంతసేపు చూచుచునే యుండును. గదిలో మనిషి యున్నాడన్న, ఆకలి ఎంతగా నున్నను ముందుకు రాదు. చెవులు రెండును వెనుకకు నొక్కుకొని తలకు అంటుకొనును, కనుపాపలు నల్లగా విచ్చుకొని కన్ను నిండును, తోక చివర మాత్రము నేలమీద అటునిటు కొట్టుకొనుచుండును. చేపలబుట్ట దింపుకొని అరుగుమీద కూర్చున్న ఆమె దానిని తొంగిచూచి, “మేస్టారూ, దీన్ని నమ్మబోకండి. కుక్క మనిషిని నమ్ముద్ది, పిల్లి ఇంటిని నమ్ముద్ది” అన్నది. ఆమె మాటలో చాల నిజమున్నది. అయితే ఈ పిల్లి ఇంకను ఇంటిని కూడ నమ్మలేదు.

పిల్లికిని మనకును గల సంబంధము ధాన్యముతో మొదలైనది. పశ్చిమాసియాలో మనుష్యుడు పంట పండించి గింజ దాచుకొన నేర్చినప్పుడు ఎలుక వచ్చినది, ఎలుక వెంట ఆ ప్రాంతపు అడవిపిల్లి వచ్చినది. సైప్రసు ద్వీపములో సుమారు 9,500 ఏండ్లనాటి సమాధిలో మనుష్యుని ప్రక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరము బయల్పడినట్లు 2004లో ప్రకటించినారు. ఆవును కట్టివేసినట్లు, గుఱ్ఱమునకు కళ్లెము వేసినట్లు పిల్లిని ఎవరును లొంగదీసికొనలేదు. తనకు పనికివచ్చినంత మేర తానే దగ్గరకు వచ్చి, పనికివచ్చినంత మేర దూరముగానే నిలిచినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కృష్ణనీరు కాలువలలో పారినది మొదలు, పుల్లేరు గట్లవెంట గాదెలు, పురులు, మిల్లులు వెలసినచోటనెల్ల పందికొక్కును దాని వెంట పిల్లియు వెలయుటలో ఆ పాతకథయే మరల జరిగినది. కావున దీని దూరము దీని దుర్గుణము కాదు, వంశానుగతమైన ఒడంబడిక.

ఇంకొక సంగతి కలదు. పిల్లికూన పుట్టిన రెండవ వారమునుండి ఏడవ వారము వరకు ఏ స్పర్శను ఎరుగునో ఆ స్పర్శనే జీవితాంతము తనదిగా భావించునని జంతుశాస్త్రజ్ఞులు పరిశీలించి చెప్పినారు. ఆ కొలది వారములలో మనుష్యుని చేయి సోకినచో మనుష్యుడు బంధువు. సోకనిచో శత్రువు కాకపోయినను శంకింపదగినవాడు. మెడవెనుక పట్టినంతనే ఒడలు వదలివేసి, కాళ్లు ముడుచుకొని, కిక్కురుమనక వ్రేలాడు గుణము కూడ పసితనపు ధర్మమే. ఎదిగిన పిల్లిని అట్లే మెడపట్టి ఎత్తిచూడుడు. అది అనుగ్రహమని తలపదు, ప్రాణముమీదికి వచ్చినదని తలచి గోళ్లు దింపును. అనగా మార్జాలన్యాయమునకు ఒక వయఃపరిమితి కలదు. ఆచార్యులు ఈ దృష్టాంతమును జీవునకు అన్వయించునప్పుడు జీవుని భగవంతునియెదుట నిత్యశిశువుగా భావించినారు; ఆ భావన మధురమైనది, నిజము కూడ కావచ్చును. కాని లోకమున మనము చూచు జీవులలో అనేకులు శిశువులు కారు. దెబ్బతిన్నవారు, మోసపోయినవారు, ఒకప్పుడు చేయి చాచి ఆ చేతికే వాత పెట్టించుకొన్నవారు. వారికి ఏ న్యాయము?

వాత యన్నప్పుడు మనకు తెనాలి రామకృష్ణుని పిల్లి తలపునకు రాక మానదు. రాయలవారు పిల్లినిచ్చి, దాని పోషణకు ఆవునిచ్చి పెంపుమనగా, రామకృష్ణుడు మొదటినాడే మరగకాగిన పాలు పెట్టినాడట. మూతి కాలిన పిల్లి ఆపిమ్మట పాలగిన్నె కనబడిన పరుగెత్తెడిదట. పాలన్నియు ఇంటివారు త్రాగిరట. తరతరములుగా ఈ కథ విని నవ్వుచున్నాము. శ్రీకాకుళపు దేవుని ఆజ్ఞ తలదాల్చిన రాజు సభకే అంటగట్టిన యీ కథలో నాకు వినిపించునది వేరొకటి: పాలలో దోషము లేదు, పిల్లిలో దోషము లేదు, పెట్టిన చేతిలో నున్నది దోషము, అయినను శిక్ష పిల్లిదే. ఆకలియు, ఆహారమును ఎదురెదురుగా నుండగా నడుమ భయము నిలిచినచో ఆ రెండును కలియవు. భగవంతుని కరుణ ఎంత సమృద్ధముగా నున్నను దానిని జూచి పారిపోవువాని స్థితి యిదియే.

దీనిని అవిశ్వాసమని నిందింపవచ్చునా? మహాభారతమున శాంతిపర్వములో, ఆపద్ధర్మములు చెప్పుచు భీష్ముడు ధర్మరాజునకు పలితుడను ఎలుకయొక్కయు, లోమశుడను పిల్లియొక్కయు కథను వినిపించినాడు. మఱ్ఱిచెట్టు క్రింద వేటగాని వలలో లోమశుడు చిక్కినాడు; పలితునకు నేలమీద ముంగిస, కొమ్మమీద గుడ్లగూబ. ఎలుక పిల్లితో సంధి చేసికొని, దాని పొట్టక్రింద దాగి తన ప్రాణము కాచుకొన్నది. వేటగాడు కనుచూపుమేరకు వచ్చువరకు ఆగి, అప్పుడు కడపటి త్రాడు కొరికినది. విడివడిన పిల్లి చెట్టెక్కినది, ఎలుక కలుగు దూరినది. పిమ్మట పిల్లి ఎంత తీయగా పిలిచినను, నీవు చేసిన మేలు మరువను, వచ్చి నా స్నేహము గైకొనుమని ఎంత వేడినను, ఎలుక రాలేదు. కార్యమునుబట్టి పుట్టిన మైత్రి కార్యముతోనే ముగియునని చెప్పి కలుగులోనే నిలిచినది. భీష్ముడు ఎలుకను కృతఘ్నుడనలేదు, ప్రాజ్ఞుడన్నాడు. బలహీనుడు బలవంతుని తొందరపడి నమ్మకుండుట తప్పు కాదు, అది వాని ధర్మము. గాదె క్రింద నున్న మా పిల్లి ఇప్పుడు పలితుని స్థానమున నున్నది. తీయగా పిలుచు లోమశుని స్థానమున మేమున్నాము.

ఇక్కడనే శాస్త్రమునందలి కష్టము బయటపడును. ప్రపత్తికి అంగములు చెప్పిన పెద్దలు వానిలో మహావిశ్వాసమును చేర్చినారు. రక్షించునను దృఢమైన నమ్మిక లేనిదే శరణాగతి శరణాగతి కాదన్నారు. తక్కినవి సంకల్పముచేత సాధింపవచ్చును. అనుకూలముగా నడతునని నిశ్చయింపవచ్చును, ప్రతికూలమును విడువవచ్చును, దైన్యమును ఒప్పుకొనవచ్చును. కాని నమ్ముమని ఆజ్ఞాపించినంతమాత్రమున నమ్మిక పుట్టునా? నమ్మదలచినంతమాత్రమున నమ్మగలమా? భయము పూర్వానుభవమునుండి పుట్టినది. దానిని తొలగించునది మరియొక అనుభవమే కాని ఉపదేశము కాదు. లోకాచార్యుల మార్గమున నడచినవారు జీవునినుండి కోరదగినది అడ్డుచెప్పకుండుట మాత్రమే అన్నారు. ఎంత తక్కువ కోరిక! అయినను భయపడినవానికి ఆ తక్కువయే అన్నిటికంటె ఎక్కువ. అడ్డుపడుట వాని చేతిలో లేదు, వాని వెన్నెముకలో నున్నది.

కావున నా కనిపించునది యిది. కోతిపిల్లకు పట్టు చాలును, పిల్లికూనకు ఎత్తుకొనుట చాలును. ఎదిగిన పిల్లికి ఈ రెంటికిని ముందు అభయము కావలెను, అభయమనగా వలదని చెప్పుటకు దానికి అవకాశమిచ్చుట. భగవద్గీత పదునారవ అధ్యాయమున దైవసంపదను లెక్కించునప్పుడు అభయముతోనే మొదలుపెట్టినది. పండ్రెండవ అధ్యాయమున ప్రియభక్తుని లక్షణము చెప్పుచు, ఎవనివలన లోకము బెదరదో, లోకమువలన ఎవడు బెదరడో అని రెండువైపులనుండియు చెప్పినది. తాను భయపడకుండుట వీరుడు కూడ చేయగలడు. తన్ను జూచి ఇతరులు భయపడకుండ మెలగుట వేరొక సాధన, దానికి ఓర్పు కావలెను. గదిలో నేలమీద కూర్చుండవలెను. నిలువుగా నున్న మనిషి పిల్లికి చెట్టంత. దానివైపు తేరిచూడరాదు. నిలుకడగా చూచు చూపు పిల్లుల భాషలో పోరునకు పిలుపు. కన్ను సగము మూసి, మెల్లగా మూసి మెల్లగా తెరచినచో అది ఊరట పొందును. ఇంగ్లండులో ససెక్సు విశ్వవిద్యాలయము వారు 2020లో ప్రకటించిన పరిశోధనలో, అట్లు చూచిన అపరిచితుని చేతి దగ్గరకు పిల్లులు ఎక్కువగా వచ్చినట్లు తేలినది. మన శిల్పులు ధ్యానమూర్తుల కన్నులను అర్ధనిమీలితములుగా చెక్కినది అంతర్ముఖత్వమునకని విన్నాము. దయతో చూచువాడు కూడ ఒక్కొక్కప్పుడు తన చూపును తగ్గించుకొనవలసియుండునని ఆ కన్నులు నాకు ఇప్పుడు తోపించుచున్నవి.

పళ్లెమును దినదినమును ఒక బెత్తెడు మాత్రమే దగ్గరకు జరుపుదుము. పాలు పెట్టము, ఎదిగిన పిల్లులలో చాలవాటికి అవి అరుగవు. చేయి చాచము, చేయి నేలమీద వెల్లకిల పెట్టి ఊరక యుందుము. ఒకనాడు అది వచ్చి చూపుడువ్రేలి కొనను మూతితో తాకి, ముక్కుచెమ్మ అంటినదో లేదో వెనుకకు దుమికినది. ఆ చెమ్మ ఆరుదాక మా యింటావిడ చేయి కదపలేదు.

పిల్లిని ఇట్లు తెచ్చి పెట్టుకొనుటకు మనకు అధికారమున్నదా అను ప్రశ్న కూడ నన్ను వదలలేదు. బుఖారీ సంకలనమున ప్రవక్త చెప్పినట్లున్న మాట యొకటి కలదు: ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, బయటకు పోయి తినుటకును విడువక చంపినందున నరకమునకు పోయినదని. ఆ వాక్యములో పాపము రెండు తలుపులను ఒకేసారి మూయుట. పెట్టువాడు ఏదో ఒక తలుపు తెరచి యుంచవలెను. ఉయ్యూరువంటి ఊరిలో, బందరు రోడ్డుమీద లారీలు తెరపి లేక పోవుచుండగా, మొదటి మాసములు వాకిలి మూయక తప్పదు. ఇల్లు తన తావని తెలియకముందే వదలిన పిల్లి మిల్లువైపునకు పరుగెత్తి దారిలో చచ్చును. అయినను పెరటి తలుపు ఎన్నటికిని తెరువనిచో ఆ యిల్లు ఆ హదీసులోని యిల్లే యగును.

బలవంతము చేయక తప్పని వేళయు వచ్చును. వెఱ్ఱికుక్క జబ్బు రాకుండ సూది వేయించుటకు, ఏటేట ఈతలు లేకుండ శస్త్రచికిత్స చేయించుటకు దానిని గంపలో పెట్టి పశువైద్యశాలకు కొనిపోవలెను. అది తానుగా గంప ఎక్కదు. అప్పుడు అభయము భగ్నమగును. కొందరు దయాళువులు ఆ పాపమునకు వెఱచి సంవత్సరములు గడుపుదురు. ఈలోపున పెరటిలో పది కూనలు పుట్టి ఏడు చచ్చును. నా మతమున ఇది చేయవలసిన పనియే. తువ్వాలు కప్పి, తడబడక, ఒక్కసారిగా చేయవలెను. చేసిన తరువాత పోగొట్టుకొన్న విశ్వాసమును దానికి ఋణపడినట్లు తిరిగి మొదటినుండి చెల్లింపవలెను. రామాయణమున కాకాసురుడు మూడు లోకములు తిరిగి దిక్కులేక రాముని పాదములపై బడినాడు గాని ప్రేమతో బడలేదు. రాముడు ఆ తేడా పాటింపక ప్రాణము నిలిపినాడు. గంపలోనుండి బయటకు వచ్చి మూలకు చేరిన పిల్లినుండి ప్రేమను ఆశించుటకు మనకు అంతకంటె హక్కు లేదు.

తెంకలై ఆచార్యులు జీవునిలో పుట్టిన భక్తిని కూడ జీవుని సొత్తుగా నెంచరు. అది భగవంతుని కృషిఫలము, ఆయన దుక్కి దున్ని, విత్తి, కాచిన పంట యందురు. వరి పండించు ఈ డెల్టాలో ఈ మాట నేలమీద నిలుచును. నారు పీకి చూచి వేరు పట్టినదా యని ఎవ్వడును పరీక్షింపడు. మాఘమాసమున భీష్మైకాదశి వచ్చినది మొదలు మా ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరునాళ్ళు పదునైదు దినములు. డప్పులు, బాణసంచా, రంగులరాట్నములు, రాత్రి తెల్లవార్లు జనము. ఆ దినములలో మా పిల్లి మరల గాదె క్రిందికి చేరినది, వ్రేలికొన మాట దేవుడెరుగు, పళ్లెము దగ్గరకు కూడ రాలేదు. ఇంత కాలపు శ్రమ పోయినదని ఇంట కొందరు చింతించిరి. పోలేదు. తిరునాళ్ళు వెడలిన మరునాడు పళ్లెమును మరల మూడు బారల దూరమునుండియే మొదలుపెట్టితిమి. అది దగ్గరకు వచ్చుటకు ఈసారి మొదటిసారి పట్టినంత కాలము పట్టలేదు.