పెంపకం

'పెంపకం' అన్న మాట చూడండి, ఎంత చల్లగా ఉంటుందో! పిల్లల్ని పెంచుతామంటాం. మల్లెపాదుని పెంచుతామంటాం. కుక్కపిల్లనీ పెంచుతాం, కోళ్ళనీ పెంచుతాం. వీటిలో కొన్నింటిని ముద్దు చెయ్యడానికి, కొన్నింటిని తినడానికి, కొన్నింటిని అమ్ముకోవడానికి. మాట మాత్రం ఒక్కటే! ఇన్ని రకాల పనులకి ఒకే మాట సరిపోతుందా అన్న ఆలోచన నాకు ఈమధ్యనే వచ్చింది. అదీ రొయ్యల వల్ల!

మా పిన్ని కూతుర్ని నరసాపురం దాటాక, సముద్రానికి దగ్గర్లో ఓ పల్లెటూళ్ళో ఇచ్చారు. వాళ్ళకి రెండెకరాల చెరువుంది. "పట్టుబడి పెట్టుకున్నామక్కా, నువ్వెప్పుడూ చూళ్ళేదుగా, రా" అని ఫోను చేస్తే వెళ్ళాను. పట్టుబడి అంటే చెరువులో రొయ్యల్ని పట్టే రోజు. వరి రైతుకి కోతలెలాగో వీళ్ళకి ఇది అలాగ.

చీకటుండగానే తూము తీసి నీళ్ళు తగ్గించారు. పదిమంది మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలోకి దిగి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వల లాక్కుంటూ వచ్చారు. వల దగ్గరపడేకొద్దీ ఎసరు మరుగుతున్నట్టు నీళ్ళు కుతకుతలాడాయి. అద్దంలాంటి ఒళ్ళు, నల్లపూసల్లాంటి కళ్ళు... రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. ట్రేలలోకి ఎత్తడం, కాటా వెయ్యడం, ఐసునీళ్ళలో ముంచడం, లారీకెక్కించడం — అన్నీ చకచకా జరిగిపోతున్నాయి. కొనడానికొచ్చినాయన ఒక కిలో తూచి గట్టు మీద పోసి లెక్కపెట్టాడు. కిలోకి ఎన్ని తూగితే అంత 'కౌంటు'. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని అర్థం, ధరా ఎక్కువే.

"40" అన్నాడాయన.

మా చెల్లెలి మొహం చూడాలి! కొడుక్కి ఫస్టు క్లాసు వచ్చిందని విన్న తల్లి మొహంలా వెలిగిపోయింది.

ఆ పోలిక నేను ఊరికే చెప్పడం లేదు. ఈ 120 రోజులూ అది పడ్డ పాట్లు వింటే మీరూ ఆ మాటే అంటారు. కనురెప్ప వెంట్రుకంత పిల్లని తెచ్చి వదిలారట, రెండు లక్షలు. రోజుకి నాలుగుసార్లు మేత వెయ్యాలి. వేశాక, చెక్ ట్రే అని వల కట్టిన పళ్ళెం ఉంటుంది, దాన్లోనూ కాస్త మేత పెట్టి నీళ్ళలోకి దించి, తర్వాత పైకి తీసి, ఎంత తిన్నాయో చూడాలి. మిగిలిందంటే వాటికి ఒంట్లో బాగాలేదన్నమాట! ఇక తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. నీళ్ళని చిలికే ఏరియేటర్లు ఆ వేళప్పుడు ఆగాయో, కొన్ని గంటల్లో చెరువంతా ఖాళీ.

"కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిందంటే నాకు మెలకువొచ్చేస్తుందక్కా. ఆయన జనరేటరు వేసేలోపల నేను టార్చిలైటు పట్టుకుని గట్టు మీదుంటాను" అంది. పసిబిడ్డ ఊపిరి మారితే తల్లికి నిద్దట్లోనే తెలుస్తుందంటారే, అచ్చం అలాగే.

అంతలా కాచినవాటిని లారీకెక్కిస్తూ ఒక్కసారన్నా కళ్ళు తడి చేసుకోలేదే! ఉండబట్టలేక అడిగేశాను. "బాధగా ఉండదుటే నీకు?"

అది నావంక వింతగా చూసింది. "బాధెందుకక్కా? అవి పట్టుబడిదాకా బతక్కపోతే బాధ. కిందటి పంటకి తెల్లమచ్చ తగిలి 40వ రోజున మొత్తం పోయాయి. అప్పుడేడిచాను."

"రొయ్యల కోసమా, అప్పుల కోసమా?"

"ఏమో అక్కా, విడివిడిగా ఏడవలేదు" అంది.

నవలల్లో నేను ప్రేమ గురించి చాలా పేజీలు రాశాను. ఏమీ ఆశించనిదే ప్రేమ అని నా నాయికల చేత చెప్పించాను కూడా. కానీ డబ్బు కోసం పడ్డ శ్రద్ధ దొంగ శ్రద్ధ అని మా చెల్లెలితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. జీతం తీసుకునే నర్సు రాత్రంతా మేలుకుని రోగిని చూస్తే అది శ్రద్ధ కాదా? అర్ధరాత్రి ఊపిరాడని ప్రాణికి కావలసింది గాలి. అది అందించిన మనిషి ఎందుకోసం అందించిందన్న విచారణ మనది, దానిది కాదు.

మరి తేడా ఎక్కడుంది? గట్టు దగ్గర ఉందనిపించింది నాకు. లోపలున్న ప్రతిదానికీ లెక్క ఉంది. బయటున్నదానికి?

చెరువు పక్కనే వరిచేను. గట్టు పొడుగునా రెండు మూడు బారల మేర పైరు పసుపుపచ్చగా మాడి ఉంది. "అదేమిటే?" అన్నాను.

"ఉప్పు ఊట దిగిందక్కా. గట్టు వెంబడి బోదె తవ్వించమని ఆ చేనాయన రెండుసార్లు అడిగాడు. ఈ పంట డబ్బు రాగానే..." అని ఆపేసింది.

ఇది మా చెల్లెలి ఒక్కదాని కథ కాదు. 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పిచ్చింది. చెరువుల వల్ల పొలాలూ తాగేనీళ్ళూ ఉప్పుపాలవుతున్నాయని తమిళనాడుకి చెందిన గాంధేయవాది జగన్నాథన్ కోర్టుకెక్కారు. ఆయనా, భార్య కృష్ణమ్మాళ్ కలిసి పేద కూలీల భూముల కోసం జీవితమంతా పాటుపడ్డవాళ్ళు. 2005లో తీరప్రాంతపు చెరువుల కోసమే ఒక చట్టం కూడా వచ్చింది. కానీ రెండు పొలాల మధ్య తవ్వాల్సిన బోదె, చట్టం వచ్చి తవ్వి పెట్టదు కదా!

గట్టు బయట ఇంకా ఎవరెవరున్నారో మా మరిది మాటల్లో తెలిసింది. "హేచరీలో తల్లిరొయ్యకి ఒక కంటికాడ కోసేస్తారు వదినగారూ, అప్పుడు తొందరగా గుడ్లు పెడుతుంది" అన్నాడు మామూలుగా. గుడ్లు ఎదక్కుండా పట్టి ఉంచే గ్రంథి ఆ కంటికాడలో ఉంటుందట. వినగానే నా చెయ్యి నాకు తెలియకుండానే కంటి మీదికెళ్ళింది. ఇక ఐసులో పెట్టిన రొయ్యలకి తలలు తీస్తూ, వేళ్ళు కొంకర్లు పోయేదాకా నిలబడే ఆడవాళ్ళు... వాళ్ళ వేళ్ళకి కౌంటు లేదు.

అలాగని మా చెల్లెల్ని బోనెక్కించి కూర్చోలేను. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ రొయ్యల ధరలు పడిపోయి రైతులు లబోదిబోమన్నారు. ఆ దేశంవాళ్ళు తమ గట్టు లోపలి లెక్కే చూసుకున్నారు. వాళ్ళకి మా చెల్లెలు బయటి మనిషి!

రొయ్యలు తినకండని నేను చెప్పబోవడం లేదు. నేనూ తింటాను. కాకపోతే పెంపకం అన్న మాట వింటే ఇప్పుడు రెండు ప్రశ్నలొస్తున్నాయి. ఎంత బాగా పెంచాం అన్నది ఒకటి. దానికి మనందరి దగ్గరా జవాబుంటుంది. పిల్లల మార్కులు, సీట్లు, జీతాలు గడగడా అప్పజెప్పగలం. మన పిల్లాడి చదువు కోసం రాత్రిళ్ళు మేలుకున్న మనం, మనింట్లో అంట్లు తోమే అమ్మాయి బడి ఎందుకు మానేసిందో అడిగామా అన్నది రెండోది.

దానికి పెద్ద త్యాగాలేం అక్కర్లేదు. ఆ చేనాయన అడిగిందీ చెరువు పూడ్చెయ్యమని కాదు, ఒక బోదె తవ్వించమని. మీ గట్టు పక్కన ఎవరి పైరుందో ఒక్కసారి తొంగి చూడండి.