వ్యర్థ మేది?

పారవేయబడిన మెతుకు వ్యర్థమని పసిబిడ్డకును తెలియును. వేచియున్న గడియ వ్యర్థమా? పాత్రను కడుగుచున్న చేయి వ్యర్థమా? వీనికి సమాధానము అంత సులభముగా దొరకదు. ఆహారపానీయములను తయారుచేయు కర్మాగారములలో ‘లీన్’ అను పద్ధతి వ్యాపించియున్న ఈ కాలమున ఈ ప్రశ్నలను తప్పించుకొనుటకు వీలులేదు.

లీన్ అనగా కొవ్వు లేనిది. అనవసరమైన దేదియు లేని పని అని తాత్పర్యము. ఆ పేరును 1988లో అమెరికాలో జాన్ క్రాఫ్‌చిక్ అను పరిశోధకుడు పెట్టెను. పద్ధతి మాత్రము జపానుదేశపు టయోటా మోటారు సంస్థది. దానిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు తైచి ఓనో (1912–1990). వ్యర్థమును జపాను భాషలో ‘ముదా’ అందురు. తెలుగున ముదమనగా సంతోషము! ఓనో ముదాను ఏడు విధములుగా విభజించిరి: అవసరమునకు మించి తయారుచేయుట, వేచియుండుట, ఊరక మోయుట, అక్కరలేని పని చేయుట, నిలువలు పెంచుట, వృథాగా కదలుట, చెడిన సరుకు చేయుట. వీనిలో మొదటిదే తక్కినవానికి తల్లి యని వారి అభిప్రాయము.

ఈ పద్ధతికి ఒక ఆదర్శము అమెరికాలోని ఆహారపు అంగడియే. సూపర్‌మార్కెటులో కొనువాడు ఎంత తీసికొనిన అంతే మరల అరలో నింపుదురు. ఓనో 1956లో అమెరికాకు వెళ్లి దానిని స్వయముగా చూచిరి. అన్నపు అంగడిలోని సూత్రము మోటారు కర్మాగారమును చుట్టి మరల అన్నమువద్దకే వచ్చినదన్నమాట. మఠములలో నిత్యము అన్నదానము జరుపు వంటవారికి ఇది క్రొత్త కాదు. కూర్చున్న పంక్తిని, వాకిట వేచియున్నవారిని కంటితో లెక్కించి గాని అనుభవజ్ఞుడు మరియొక గుండిగకు ఎసరు పెట్టడు. పెండ్లిండ్లలో మాత్రము మిగిలిననే గౌరవ మనుకొను గృహస్థులు నేటికిని కలరు. 2022లో ప్రపంచమున ఇండ్లలో, భోజనశాలలలో, అంగళ్లలో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారము వృథాయైనదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్కకట్టినది. అందులో నూటికి 60 వంతులు ఇండ్లలోనివే. కనుక కర్మాగారములనే నిందించి లాభము లేదు.

అయినను కర్మాగారపు వ్యర్థము చిన్నది కాదు. వోమాక్, జోన్స్ అను ఇద్దరు పండితులు 1996లో ప్రకటించిన గ్రంథమున ఒక కోలా డబ్బా కథను వివరించిరి. గనిలోని ఖనిజము రేకై, రేకు డబ్బాయై, పానీయము నింపుకొని ఇంగ్లండులోని ఒక ఇంటికి చేరుటకు 319 దినములు పట్టినదట. అందులో నిజముగా పని జరిగినది మూడు గంటలు మాత్రమే! తక్కిన కాలమంతయు గిడ్డంగులలో పడియుండుట, ఓడలపై ప్రయాణించుట. ఇట్టి నిద్రను తొలగించుటకు ఎవరును అడ్డుచెప్పరు.

చిక్కు వేరొకచోట కలదు. ఓనో జాబితాలో వేచియుండుట దోషము. ఆహారమున నిరీక్షణమే కొన్నిచోట్ల పని. తోడుపెట్టిన పాలు ఊరకున్నట్లు కన్పించును గాని ఊరకుండవు. పాలను శుద్ధిచేయునపుడు 72 డిగ్రీల వేడిలో 15 సెకనులు నిలుపు విధానము కలదు. ఆ వేడిలో ఆ 15ను 10 చేసిన ఆదా కాదు, అపాయము. ఇనుపరేకులను అచ్చువేయు పెద్ద యంత్రమునకు అచ్చు మార్చు కాలమును షిగేయో షింగో అను నిపుణుడు టయోటాలో నాలుగు గంటలనుండి మూడు నిమిషములకు దింపెను. అద్భుతమే. కాని వేరుసెనగ బిస్కట్లు చేసిన యంత్రముపై పప్పులేని బిస్కట్లు చేయవలెనన్నచో నడుమ జరుగు శుభ్రత కేవలము యంత్రపు మార్పు కాదు. వేరుసెనగ పడని బిడ్డకు అది ప్రాణము.

తినువాడు కోరు విలువకు తోడ్పడునది వ్యర్థము కాదని లీన్ పక్షమువారు బదులు చెప్పుదురు. సమాధానము సరియైనదే. అయితే తినువాడు కర్మాగారమున లేడు. అతడు రుచిని, రంగును, ధరను ఎరుగును. కడిగిన గొట్టమును ఎరుగడు. శుభ్రత లోపించిననాడే అతనికి దాని విలువ తెలియును. 2008–09లో అమెరికాలో ఒక సంస్థ వేరుసెనగ సరుకులలో సాల్మొనెల్లా సూక్ష్మజీవి చేరి 700 మందికి పైగా వ్యాధిగ్రస్తులైరి, తొమ్మండుగురు మరణించిరి. పరీక్షల ఫలితము రాకముందే సరుకు పంపివేయబడినదని విచారణలో తేలినది. ఆ సంస్థ అధిపతికి 2015లో 28 సంవత్సరముల కారాగారశిక్ష పడినది. అది లీన్ పద్ధతి చేసిన నేరమని చెప్పరాదు. వేచియుండుటను నష్టముగా మాత్రమే చూచు కన్ను ఎంతవరకు పోగలదో అది చూపుచున్నది.

ఇక పనిచేయువాని మాట. జపానువారు ముదాతోపాటు ‘మురి’ అను దోషమును గూడ చెప్పిరి. మనిషిపై గాని యంత్రముపై గాని శక్తికి మించిన భారము మోపుట దాని అర్థము. ఈ పద్ధతిని అరువు తెచ్చుకొన్న యజమానులలో కొందరు ముదాను మాత్రము తెచ్చి మురిని అక్కడనే మరచివచ్చిరి. కూలివాని ఊపిరి తీసికొను నిమిషము వారి లెక్కలో వ్యర్థము. కాయకము, దాసోహము అను మాటలు వినుచు పెరిగిన ఇండ్లలో ఇట్టి లెక్కను ఒక్కసారి తిరిగి అడుగుదురు: మిగిల్చిన ఆ నిమిషము ఎవరి దేహమునుండి వచ్చినది, ఎవరి పెట్టెలోనికి పోయినది?

టయోటా వంశమునకు మూలపురుషుడైన సాకిచి టయోడా 1924లో పూర్తిచేసిన మగ్గము నూలు తెగినంతనే తనంతట తానే ఆగిపోవును. ఆ బుద్ధియే పిదప కార్ల కర్మాగారమున త్రాడైనది. దోషము కనబడిన యెడల ఏ కార్మికుడైనను దానిని లాగి పని ఆపింపవచ్చును. ఈ పద్ధతిలో అన్నిటికంటె గొప్ప భాగము ఇదియే యనవచ్చును. పానీయములు నింపుచోట సీసా అంచున పగులు చూచిన దినకూలి స్త్రీకి ఆ త్రాడు అందునంత ఎత్తులో ఉన్నదా? లాగిన పిదప మరునాడు ఆమెను పనిలోనికి రానిత్తురా? యంత్రము ఆగిన ఆ పది నిమిషములను గుమాస్తా సాయంకాలము నష్టముల క్రింద వ్రాయునా, మరి దేనిక్రిందనైన వ్రాయునా?