లేని డిస్కులో నాన్నగారి గొంతు

మా నాన్నగారు తర్కం చెప్పేవారు. వీధి గదిలో చాప పరిచి, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా. పిల్లలు ఇద్దరొచ్చినా పదిమందొచ్చినా పాఠం ఆగేది కాదు. 1988లో నేనొక టేప్ రికార్డర్ కొని ఆయన పక్కన పెట్టాను. అన్నంభట్టు తర్కసంగ్రహం, దాని వ్యాఖ్య దీపికతో సహా, తొంభై నిమిషాల క్యాసెట్లు 41 అయ్యాయి. నాన్నగారు 2011లో పోయారు. ఆ తరవాత మూడేళ్లకు ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం.

ఇప్పుడవి రాజమహేంద్రవరంలో మా ఇంట్లో, పుస్తకాల బీరువా పక్కనున్న చిన్న సర్వర్లో ఉన్నాయి. మా అబ్బాయి పుణే వెళ్లేముందు అమర్చిపెట్టాడు. అన్‌రెయిడ్ అనే వ్యవస్థ. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు అయిదు. నాలుగింటిలో మా సామగ్రి, వాటిలో మూడోదాంట్లో నాన్నగారి పాఠాలు. అయిదోది పారిటీ.

మొన్న వేసవిలో గది తుడవడానికి ఆ పెట్టెను జరిపాను. లోపల మూడో డిస్కు కేబుల్ వదులైన సంగతి నాకు తెలీదు. ఆ సాయంత్రం తొమ్మిదో క్యాసెట్ పాఠం టైపు చేసి నాన్నగారి ఫోల్డర్లో దాచాను. కాసేపు ఆయన గొంతు విని పడుకున్నాను. తెల్లారి చూస్తే మూడో డిస్కు పక్కన ఎర్ర గుర్తు. నేను పాఠం దాచబోయిన క్షణంలోనే డిస్కు పలకలేదనీ, అప్పుడే దాన్ని పక్కన పెట్టేశాననీ సర్వర్ రాసుకుంది. మరి రాత్రి నేను విన్న గొంతు ఎక్కణ్ణించి వచ్చింది?

పారిటీ అంటే సరి బేసి. చిన్నప్పుడు చింతపిక్కలతో ఆడామే, అదే. డిస్కుల్లో ఉండేవన్నీ సున్నాలూ ఒకట్లూ. నాలుగు డిస్కుల్లోనూ ఒకే స్థానంలో 1, 0, 1, 1 ఉన్నాయనుకోండి. ఒకట్లు మూడు, బేసి. అప్పుడు పారిటీ డిస్కులో అదే స్థానంలో 1 రాస్తారు, మొత్తం సరి అవుతుంది. మూడో డిస్కు తీసేస్తే మిగిలేవి 1, 0, 1, పారిటీలో 1. ఒకట్లు మూడే. సరి కావాలంటే లేనిచోట ఉండాల్సింది 1. ఇందులో ఊహ లేదు. దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు తినడు, కనక రాత్రి తింటున్నాడు అని మీమాంసకులు చెప్పే అర్థాపత్తి ఇలాంటిదే. అది వేరే ప్రమాణం కాదు, హేతువును బట్టి తేల్చుకునే అనుమానంలోనే ఇముడుతుందని నాన్నగారు నైయాయికుడిగా పట్టుబట్టేవారు.

పారిటీ డిస్కును విడిగా చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. అందులో నాన్నగారి గొంతు లేదు. మొదటి డిస్కులో మా పెళ్లి ఫొటోలున్నాయి, రెండోదాంట్లో మనవడి వీడియోలు, నాలుగోదాంట్లో ఇంటి కాగితాలు. వాటిలోనూ గొంతు లేదు. కానీ నాలుగూ ఒకేసారి మేలుకుని, తమ తమ అంకెలు ముందు పెడితే నాన్నగారు దగ్గి, గొంతు సవరించుకుని పాఠం మొదలుపెడతారు. ఆ రాత్రి నేను విన్నది అదే.

అభావాలు, అంటే లేకపోవడాలు, నాలుగని తర్కసంగ్రహం. కుండ పుట్టకముందు ప్రాగభావం, పగిలాక ప్రధ్వంసాభావం. నేల మీద కుండ లేదంటే అత్యంతాభావం. కుండ గుడ్డ కాదంటే అన్యోన్యాభావం. నాన్నగారు చాప వైపు చూపించి "దీని మీద ఏం లేదురా?" అనేవారు. "ఏమీ లేదండి" అంటే ఒప్పుకునేవారు కాదు. "ఏమీ లేదనేది అభావం కాదు. ఏది లేదో చెప్పు." ఏది లేదో అదే ప్రతియోగి. కుండ ఎరగనివాడికి కుండ లేదన్న జ్ఞానం కలగదు.

ముప్పై ఏళ్లు నాకిది పరీక్షకు పనికొచ్చే వాక్యంగానే ఉండిపోయింది. ఆ పొద్దున అర్థమైంది. సర్వర్ ఆ గొంతును లెక్క కట్టగలిగింది ఎందుకంటే, లేనిది మూడోదని దానికి తెలుసు. ప్రతి నెలా అది తనంతట తాను అన్ని డిస్కులనూ సరిచూసుకుంటుంది. అప్పుడు అన్నీ ఉండి ఎక్కడో ఒక అంకె చెడిందనుకోండి, ఈ స్థానంలో సరి రాలేదని మాత్రమే చెబుతుంది. చెడింది ఏ డిస్కుదో, పారిటీదో చెప్పలేదు. దిద్దమంటే డిస్కులు నిజం చెబుతున్నాయనుకుని పారిటీనే మార్చేస్తుంది. ఒకటి పూర్తిగా పోతే పూడ్చగల లెక్కే, అన్నీ ఉండి ఒకటి అబద్ధమాడితే నిస్సహాయం. అన్నంభట్టు ఈ పెట్టెను చూడలేదు. ప్రతియోగి తెలియకుండా అభావం తెలియదన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అబ్బాయికి ఫోన్ చేశాను. "కేబుల్ గట్టిగా నొక్కేస్తే సరిపోదట్రా? పాత డిస్కులో తాతగారి గొంతు పదిలంగానే ఉందిగా."

"ఉందమ్మా. కానీ నువ్వు టైపు చేసిన పాఠం అందులో లేదు. దానికి నిన్నటి సంగతి తెలీదు. మిగతావి ముందుకెళ్లిపోయాయి."

నిజమే. నేను దాచిన పాఠం పారిటీ లెక్కలో చేరింది, అంటే అక్కడ లేని డిస్కులో చేరింది. చేతిలో ఉన్న డిస్కు నిన్నటి దగ్గరే ఆగిపోయింది. లేనిదే సత్యం, ఉన్నది పాతబడింది. ఆ డిస్కునే మళ్లీ పెట్టి రీబిల్డ్ చేస్తే లెక్క కట్టిన అంకెలను దాని మీద మొదటి నుంచి చివరిదాకా రాసేస్తుంది. నాకు చెయ్యి రాలేదు. "కొత్తది కొని పెట్టమ్మా, పాతది తీసి దాచు" అన్నాడు.

కొత్త డిస్కు మూడో స్థానంలో పెట్టి రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాను. మొదట సెకనుకు 170 మెగాబైట్లు, డిస్కు లోపలి వలయాలకు వెళ్లేకొద్దీ తగ్గి చివరికి తొంభై. తొమ్మిది గంటలు పట్టింది. ఆ తొమ్మిది గంటల్లో ఇంకో డిస్కు పోతే రెండూ పోయినట్టే, ఒక పారిటీ ఒక లేమినే మోయగలదు. కరెంటు పోతుందేమోనని యూపీఎస్ దగ్గరే కూర్చున్నాను. నాన్నగారు ఆస్పత్రిలో ఉన్న రాత్రులు గుర్తొచ్చాయి.

పొద్దున ఆరుకు ఆకుపచ్చ గుర్తు వచ్చింది. తరవాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి అబ్బాయి ఫైలు ఫైలుగా పోల్చాడు. నా పాఠం ఒక్కటే తేడా. మరి ఇది ఆ గొంతేనా, ఇంకోటా? రాత్రి తొలిజాములో వెలిగిన దీపజ్వాలా తెల్లవారుజామున వెలిగేదీ ఒకటీ కాదు, వేరూ కాదని బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజుకు చెప్పాడు. అదేనండీ ఇది అని గుర్తుపట్టడమే ఒకటనడానికి సాక్ష్యమని నైయాయికులు. శబ్దం నిత్యం, మనం వినిపింపజేస్తాం అంతే అని మీమాంసకులు. నాన్నగారు ఒక క్యాసెట్లో గంటసేపు దీన్ని ఖండిస్తారు: శబ్దం పుట్టింది కనక, కుండలాగే, నశిస్తుంది. ఆ మాట ఆయన గొంతులోనే విన్నాను. నేను ఆయన పక్షమే. గొంతు ఎప్పుడో నశించింది. మిగిలింది, అది ఉండగానే ఇతరులతో కలిపి కట్టిపెట్టిన లెక్క. పోయినవాళ్లు మనలో ఉన్నారని పరామర్శకొచ్చిన ప్రతివాళ్లూ అన్నారు. వాళ్లు బతికుండగా మనతో ముడివేసుకున్నంత మేరకే అది నిజం. పోయాక కూర్చుని వేసే ముడికి ఏదీ తిరిగి రాదు.

17వ క్యాసెట్ ఫైలు కూడా రెండు డిస్కుల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంది. అందులో తర్కం లేదు. 1996లో ఒక పొద్దున ఖాళీ క్యాసెట్ అనుకుని దాని మీద రేడియోలో వచ్చిన భక్తిరంజని ఎక్కించాను. డబ్బా మీద మాత్రం నాన్నగారి చేతిరాతలో "హేత్వాభాసలు" అని ఉంది, హేతువుల్లా కనిపించే తప్పుడు హేతువుల పాఠం. ఏది లేదో నాకు తెలుసు, కానీ అది ఏ లెక్కలోనూ చేరకముందే చెరిగిపోయింది. సర్వర్ నా తప్పును నాలుగు డిస్కుల సాక్షిగా భద్రంగా కాపాడుతోంది.

1988, 89 సాయంత్రాల్లో దానవాయిపేటలో ఆ చాప మీద కూర్చుని చదువుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మీలో ఎవరి నోటు పుస్తకంలోనైనా హేత్వాభాసల పాఠం ఉంటే, సగమే ఉన్నా సరే, పారెయ్యకండి. కబురు చెయ్యండి, నేనే వచ్చి రాసుకుంటాను.