అచ్చక్షరం ఎవరి పక్షం?

కాగితం పొదుపు కావాలంటే అక్షరాన్ని ఇరుకు చేయాలి. చదువరి కంటికి సుఖం కావాలంటే దానిని విశాలంగా ఉంచాలి. అచ్చక్షరాన్ని రూపొందించే వాని ముందు నిలిచే ధర్మసందేహం ఇది. లండన్ ‘టైమ్స్’ పత్రిక 1932లో ప్రవేశపెట్టిన టైమ్స్ న్యూ రోమన్ ఈ రెంటి నడుమ కుదిరిన రాజీ. స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో విక్టర్ లార్డెంట్ గీసిన ఆ అక్షరాలు ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టించాయి. అయినా గీతల కొసన ఉండే చిన్న మొన, అనగా సెరిఫ్, పాత పుస్తకాల పోలికను నిలిపింది. పత్రిక కోసం పుట్టిన ఆ రూపమే అనంతరం కంప్యూటర్ల ద్వారా దేశదేశాల కార్యాలయ పత్రాలకెక్కింది.

రోమన్ అక్షరం నుండి ఆ మొనను తొలగించినా అక్షరం మారదు. గుజరాతీ లిపి దేవనాగరి తలగీతనే విడిచిపెట్టింది, లోటేమీ రాలేదు. తెలుగు సంగతి వేరు. కకార తకారాల నెత్తిన ఉండే తలకట్టు చూపుకు సెరిఫ్‌ను తలపించినా, అది అలంకారం కాదు, అకారం. ఆ స్థానంలో గుడి వస్తే ‘కి’, పొల్లు వస్తే ‘క్’. ‘అర్థం’ అన్న మాటలో రకారం కింద ఒదిగిన వత్తులోని చుక్క సిరాలో పూడిపోతే అది ‘అర్ధం’, అంటే సగం అవుతుంది. సగమైన అర్థమన్నమాట!

సూరత్‌లోని ఉధ్నా పేరే ఇందుకు మంచి పరీక్ష. ధకారం అడుగున చిన్న గీత. దాని కిందనే నకారపు వత్తు. పంక్తుల నడుమ చోటు తగ్గితే మొదట నలిగేది ఆ గీతే. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళి ఆ ప్రాంతపు మరమగ్గాలపై బ్రతికిన కుటుంబాల పిల్లల కోసం సూరత్ నగరపాలక బడులలో తెలుగు మాధ్యమానికీ చోటు దక్కింది. వరంగల్‌లో చదువుకొనే బాలుడికి అలుకుపోయిన అక్షరాన్ని సరిదిద్దే బస్సు బోర్డులు, పత్రికలు, గోడరాతలు చుట్టూ ఉంటాయి. ఉధ్నా వీధిలో కనబడేవి గుజరాతీ, హిందీ బోర్డులు. అక్కడి బాలుడికి వాచకమే సాక్షి. అందులో గీత కనబడకపోతే అతడు దానిని అచ్చులో లోపమని అనుకోడు, అక్షరమే అంత అని నేర్చుకుంటాడు.

చౌకైన పుస్తకం ఎక్కువ చేతులకు అందుతుందన్న వాదం తేలికైనది కాదు. అసలు అచ్చుకాని వాచకం కంటే ఇరుకైన వాచకమే నయం. కాని ఆ పొదుపు ఎక్కడ చేయాలన్నది అసలు ప్రశ్న. అట్ట రంగులలో, అంచుల ఖాళీలో, చిత్రాల సంఖ్యలో తగ్గించవచ్చు. వత్తుకు కావలసిన చోటులో తగ్గిస్తే, ఆ ఖర్చు తెలుగు అతి తక్కువగా కనబడే పిల్లవాడి ఖాతాలో పడుతుంది. పాఠ్యానికి ఉద్దేశించిన ‘మండలి’ వంటి ఖతులు ఉచితంగానే దొరుకుతున్నాయి గనుక అక్షరం ఖరీదన్న సాకూ నిలవదు. శీర్షికలకు తగిన బొద్దు ఖతిని పేజీ పొడవునా పరచడం, ఇంగ్లీషుకు సరిపోయిన పంక్తి దూరాన్నే తెలుగు దరఖాస్తుకూ పెట్టడం అలవాటు వలన జరిగే పనులు. ఉత్తర్వుపై సంతకం చేసే ముందు నమూనా పేజీలో ‘ఉధ్నా’ అని అచ్చువేయించి, చేయి చాపినంత దూరాన ఆ గీత కనబడుతున్నదో లేదో చూడడానికి అధికారికి ఒక్క నిమిషం చాలు.