జీతము గొను గురువు

కొండవీటి రెడ్లలో 1386 మొదలు 1402 వఱకు రాజ్యమేలిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములలో కర్పూరము వెదచల్లించి కర్పూర వసంతరాయలని పేరొందినవాడు. నాట్యశాస్త్రమున వసంతరాజీయమను గ్రంథమును రచించినవాడు. ఆ గ్రంథము నేడు లభ్యము కాదు. ఇతరులు ఉదాహరించిన భాగముల వలననే దాని ఉనికి మనకు తెలియుచున్నది. ఆ ప్రభువు సోదరిని వివాహమాడి, ఆయనకు మంత్రియై, రాజ్యభారమును తన భుజములపై మోసిన కాటయవేముడు కాళిదాసు నాటకములు మూడింటికిని వ్యాఖ్యానము వ్రాసి, దానికి కుమారగిరిరాజీయమని ప్రభువు పేరే పెట్టెను. ఆ మూడింటిలో మాళవికాగ్నిమిత్రము ఒకటి. సంగీతమును ఇంట కూర్చుండి చెప్పి నెలకింత యని ఫీజు పుచ్చుకొనవచ్చునా, విద్యను విక్రయించుట దోషము కాదా యని నేటికిని నరసరావుపేటలోను చిలకలూరిపేటలోను ఎందఱో ఉపాధ్యాయుల మనస్సులను నొప్పించుచున్న ప్రశ్నకు బీజము ఆ నాటకపు మొదటి అంకముననే కలదు. ఆ ఘట్టమును పదపదమును విడదీసి విచారించినవాడు మన కొండవీటి మంత్రియే గనుక, ఈ విచారమును అచ్చటనుండి ఆరంభించుట యుక్తమని నాకు తోచినది.

ఆ నాటకమున రాజైన అగ్నిమిత్రుని కొలువులో గణదాసు, హరదత్తుడు అను నాట్యాచార్యులు ఇరువురు కలరు. ఇరువురును రాజు ఇచ్చు వేతనముపై బ్రతుకువారే. తమలో అధికులెవరో తేల్పుడని వారు రాజసన్నిధికి వచ్చిరి. పొట్టేళ్ల పోరు చూడవలదా, వీరికి ఊరక జీతములిచ్చుట ఎందులకని విదూషకుడు వేళాకోళమాడును. రాణి గణదాసును వారింపబూనగా, సరస్వతికి నివేదించిన కుడుములు తినుచు హాయిగా నుండక ఓడిపోవుటకు సులువైన ఈ వాదము నీకేల యని విదూషకుడు ఆయననే ఎత్తిపొడుచును. గణదాసు కుపితుడై ఇచ్చిన ఉత్తరముయొక్క సారము ఇది: కొలువు కుదిరినది కదా యని పరీక్షకు వెఱచి, పరనిందను దిగమ్రింగి, పొట్టకూటికొఱకు మాత్రమే విద్యను పట్టుకొని వ్రేలాడువాడు ఆచార్యుడు కాడు, జ్ఞానమును అంగడిలో పెట్టిన వర్తకుడు.

ఈ మాటను మనవారు జీతము పుచ్చుకొను ప్రతి గురువుపైకిని బాణమువలె విడుచుట కలదు. కాని పలికినవాడెవడు? నెలనెల రాజధనము భుజించుచున్న గణదాసే. తాను వర్తకుడను కానని నిరూపించుకొనుటకై ఆయన జీతమును త్యజింప సిద్ధపడలేదు; తన శిష్యురాలిని సభలో నిలిపి, తన బోధనము ఎట్టిదో చూచుకొండని పరీక్షకు సిద్ధపడెను. జీతము పుచ్చుకొనుటలో వర్తకత్వము లేదనియు, జీతము పుచ్చుకొనుచు పరీక్షకు వెఱచుటలో ఉన్నదనియు ఇంతకంటె స్పష్టముగా చెప్పవలసిన పనిలేదు.

ధర్మశాస్త్రకారులు ఈ విషయమున కఠినులు. జీతము నిర్ణయించుకొని వేదము చెప్పువానిని మనువు శ్రాద్ధపంక్తికి అనర్హుడనెను. జీతమిచ్చి చదివినవానిని గూడ ఆ వరుసలోనే నిలిపెను. ఈ రెండవ సంగతిని మనవారు తఱచుగా మఱచిపోవుదురు. గురువు దోషియైనచో శిష్యుడును, వాని తల్లిదండ్రులును నిర్దోషులు కారన్నమాట. యాజ్ఞవల్క్యుడు ఆ రెంటిని ఉపపాతకములలో లెక్కించెను. ఐనను ఆ మనువే అధ్యాపనమును బ్రాహ్మణుని జీవనోపాయములు మూడింటిలో ఒకటిగా అంగీకరించెను. చదువు ముగించిన శిష్యుడు గురువునకు పొలమో బంగారమో ఆవో గుఱ్ఱమో, అంతటి శక్తి లేనిచో గొడుగో చెప్పులో ధాన్యమో కూరాకో బట్టలో ఇచ్చి సంతోషపెట్టవలయునని విధించెను. కావున శాస్త్రము కాదన్నది పుచ్చుకొనుటను కాదు, ముందుగా బేరము కుదుర్చుకొనుటను. ఇంత ఇచ్చినగాని నోరు విప్పనని కూర్చుండుటను. నిజమే, వారు మాటలాడినది వేదాధ్యాపనమును గుఱించి. కాని గాంధర్వమును సామవేదమునకు ఉపవేదమని పెద్దలు తలచిరి. వీణావాదన తత్త్వము తెలిసి, శ్రుతులయందును తాళమునందును నిపుణుడైనవాడు అనాయాసముగా మోక్షమార్గము చేరునని ఆ యాజ్ఞవల్క్యుడే చెప్పెను. మోక్షమునకు దారియైనదానికి నెలకింత యని వెల కట్టుటెట్లను సంకోచము ఆనాటినుండి ఈనాటి వఱకు నాదవిద్యను వెంటాడుచునే ఉన్నది.

ఆ సంకోచము గౌరవింపదగినది. అయినను ఉచిత విద్య యని మనము కీర్తించు ఆ కాలమున వ్యయమును భరించినదెవరో విచారింపక దానిని నేటివారిపై శాసనముగా విధించుట న్యాయము కాదు. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో ఉంఛవృత్తితో జీవించెను. అనగా ఆయన శిష్యుల చదువునకు ఆ ఊరి గృహిణులు దోసిళ్లతో పోసిన బియ్యము ఆధారము. ఆయన శిష్యులు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు (1883–1951). ఈ వరుసననే త్యాగరాజ సంప్రదాయము కృష్ణాతీరమునకు వచ్చి, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠమున పలికినది. ఆ పరంపర యంతయు ఇండ్లలో నడచినది. శిష్యులను ఇంట ఉంచుకొనిన గురువు కీర్తిమంతుడయ్యెను. ఆ శిష్యులకు పూటపూట వండి వడ్డించి, జ్వరము వచ్చినప్పుడు కషాయము కాచి, వారి బట్టలను గూడ గమనించుకొనిన ఇల్లాలి పేరు సంగీత చరిత్రలలో కానరాదు. మాన్యములిచ్చిన రాజో, బియ్యము పోసిన ఊరో, పొగలో కన్నులు మండించుకొనిన గురుపత్నియో, ఎవరో ఒకరు చెల్లింపగనే విద్య ఉచితమైనది.

ఇక కళయే కులవృత్తియై జీవించినవారి మాట వేఱు. చిలకలూరిపేట ఆదంసాహెబుగారి యొద్ద నాదస్వరము నేర్చిన షేక్ చినమౌలానాసాహెబుగారు (1924–1999) కరవదిలో జన్మించి, శ్రీరంగమున స్థిరపడి, 1982లో అచ్చట శారదా నాదస్వర సంగీతాశ్రమమును నెలకొల్పిరి. నమాజు చేయు నోటితోనే రంగనాథుని సన్నిధిని నాదార్చన చేసిన ఆ మహనీయుల వంశములలో విద్య అన్నమే, అన్నము విద్యయే. వారికి కళను అన్నమునుండి వేఱుచేయు భాగ్యము ఎన్నడును కలుగలేదు. అందువలన వారి నాదమున పవిత్రత ఇసుమంతయు తగ్గనులేదు. 1919లో విజయనగరమున గానపాఠశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులై జీతము స్వీకరించిరి. ఆయనను వర్తకుడని అనగల సాహసి తెలుగునాట పుట్టలేదు.

నేడు రాజు లేడు, మాన్యము లేదు, ఉంఛవృత్తికి బయలుదేరినచో బియ్యము పోయువారు అరుదు. పల్నాటి పట్టణములలో సంగీతము చెప్పువారిలో ఎక్కువమంది గృహిణులు. ఉదయమున పిల్లలను బడికి పంపి, సాయంకాలము ముందుగదిలో చాప పఱచి, శ్రుతిపెట్టె మ్రోగించి, మాయామాళవగౌళలో సరళీస్వరములు మొదలుపెట్టుదురు. వాటిని మూడు కాలములలో పాడించవలయును, పిదప జంటవరుసలు, సప్తతాళ అలంకారములు, గీతములు, స్వరజతులు, అటుతరువాత వర్ణము. ఒక్కొక్క మెట్టునను ఉపాధ్యాయిని కంఠమును అరగదీసి వందసార్లు పాడి చూపవలయును. ఇంత చేసినను, ఇంట ఊరకే కూర్చుండుటకు బదులుగా చేయుచున్న కాలక్షేపమిది యని చుట్టములు తేలికగా మాటలాడుదురు. ఫీజు అడిగినచో, సరస్వతిని అమ్ముకొనుచున్నదని అదే నోటితో అందురు. గణితమునకు ట్యూషన్ చెప్పువానిని ఈ మాట ఎవరును అనరు, వైద్యుని అనరు. నాదము దైవమన్న నెపముతో దానిని చెప్పు ఆడుదానిని ఆకలికి అప్పగించుట భక్తి కాదు, లోభము. ఈ విషయమున నాకు ఎట్టి సందేహమును లేదు.

ఫీజు దేనికి? విద్యకు కాదు. మోహనరాగమును శిష్యునకు ఇచ్చినంత మాత్రమున గురువునొద్ద అది తఱిగిపోదు; తఱుగనిదానికి వెల కట్టుట ఎవరి తరమును కాదు. తఱుగునవి వేఱు కలవు: ఆమె సాయంకాలములు, ఆమె కంఠము, ఆమె ఇంటిలో ఆ ముందుగది. వీటికి వెల కట్టుట న్యాయము, కట్టకుండుట అన్యాయము. కట్టునప్పుడు సిగ్గుపడక, నెలకింత, ఏ తేదీకి, పిల్లవాడు రానిరోజు పాఠమునకు ఏమి చేయుదుము, సెలవులెన్ని అనునవి మొదటి దినముననే చెప్పవలయును. మీకు తోచినది ఇండని మొగమాటమున పలికి, తోచినది వచ్చినప్పుడు మనస్సులో నొచ్చుకొని, ఆ నొప్పిని పాఠమున పిల్లవానిపై చూపుట కంటె, స్పష్టముగా చెప్పిన ఫీజు పరిశుద్ధమైనది. మనువు గర్హించిన బేరము ఇది కాదా యని అడుగవచ్చును. మాన్యములు లోకమునుండి తొలగినపుడు, ఆ మాన్యములు లేనిదే నిలువని నియమమును దరిద్రులపై మోపుట మనువు ఉద్దేశమై యుండదని నా విశ్వాసము.

అయితే నేటి ఏర్పాటులో ఒక అపాయము కలదు. గణదాసు పలికిన మాట ఇచ్చట మరల మనకు పనికివచ్చును. రాజు జీతమిచ్చిన కాలమున ధనమిచ్చువాడు వేఱు, నేర్చువాడు వేఱు. నేడు ధనమిచ్చునది నేర్చు పిల్లల తల్లిదండ్రులే. వారు ధనముతోపాటు ఆజ్ఞను గూడ ఇయ్య జూతురు. ఆఱు నెలలు కాలేదు, అప్పుడే కృతి చెప్పుడందురు. పాఠశాల వార్షికోత్సవమునకు ఒక పాట కావలయునందురు. టెలివిజను పోటీకి తయారు చేయుడందురు. ఒక యింటి పిల్ల మానివేసినచో నెల ఖర్చు తప్పునని భయపడిన ఉపాధ్యాయిని అలంకారములను దాటించి కృతిని నోటికెక్కించును. పిల్ల పాడును, తల్లి సంతోషించును, వీడియో చుట్టములకు పోవును, పునాది మాత్రము లేదు. ఆ క్షణమున జ్ఞానము సరకైనది. ఫీజు పుచ్చుకొనినందున కాదు, ఫీజు పాఠమును నడిపించినందున. శ్రుతిలో పిల్ల స్వరము నిలువనప్పుడు, నిలువలేదని చెప్పగలిగిన గురువు ఎంత ఫీజు పుచ్చుకొనినను ఆచార్యురాలే. చెప్పలేనిది ఉచితముగా చెప్పినను వర్తకురాలే.

ఆ నాటకముననే రాజు మఱియొక మాట అనును: అయోగ్యుని శిష్యునిగా గ్రహించుట గురువుయొక్క బుద్ధిలాఘవమునే వెల్లడించునని. కాళిదాసు పాత్రలతో వాదించుట నాకు ఇష్టము లేకున్నను, ఈ మాటను నేను అంగీకరింపలేను. సభకొఱకు నర్తకిని సిద్ధము చేయు ఆచార్యునకు అది చెల్లును. ఇంట చెప్పు ఉపాధ్యాయిని యొద్దకు వచ్చు పిల్లలలో నూటికి తొంబదిమంది సభలలో పాడబోరు. శ్రుతి నిలువని పిల్లవాడును పదేండ్లు వినినచో మంచి శ్రోత యగును, తల్లియైన పిల్ల ఒక లాలిపాటను శుద్ధముగా పాడును. నాదము మోక్షమార్గమైనచో ఆ మార్గమున నడవ నెవరినైనను అనుమతింపవలసినదే. మందబుద్ధిని చేర్చుకొనుట తప్పు కాదు. వానిని మేధావి యని తల్లిదండ్రులకు చెప్పుట తప్పు.

అమెరికాలోని తెలుగు పిల్లలకు జూమ్‌లో పాఠములు చెప్పు ఉపాధ్యాయులు ఇప్పుడు మన ప్రాంతమునను కలరు; అచ్చటి సాయంకాలము ఇచ్చటి తెల్లవాఱుజాము. శబ్దము చేరుటలో కలుగు ఆలస్యము వలన గురుశిష్యులు కలిసి పాడలేరు, తాళము కలియదు. గురువు పాడి ఆగవలయును, శిష్యుడు పాడి ఆగవలయును. కలిసి పాడుటలోనే గురుకంఠము శిష్యకంఠమునకు అంటుకొనునది గనుక ఇది చిన్న లోపము కాదు. అయినను ఆ డాలరు ఫీజు వలన అదే ఉపాధ్యాయిని తన వీధిలోని బీదపిల్లలకు చాలా తక్కువకు, లేదా ఉచితముగా చెప్పగలుగుచున్నచో, అది పూర్వపు మాన్యముయొక్క స్థానమును ఆక్రమించినదని నేను సంతోషింతును. కలవారి ఫీజు లేనివారి చదువునకు ఆధారమగుట ధర్మమునకు సమ్మతము; లేనివాడు ఫీజు తేలేదని వానిని తలుపు వెలుపల నిలుపుట ఒక్కటియే ఈ వృత్తిలో క్షమింపరాని పని.

కావున ఇంట సంగీతము చెప్పి జీవించువారిని గుఱించి నా నిర్ణయము ఇది: వారు పుచ్చుకొను ధనము శుద్ధము, ఆ ధనము వారి నోటిని మూయనంత వఱకు శుద్ధము. పిల్లలను వారి యొద్దకు పంపు తల్లిదండ్రులకు నా మనవి: చెప్పిన తేదీకి ఫీజు చేతికందించుడు, సరస్వతి పేరు చెప్పి తగ్గింపుమని అడుగకుడు, పిల్లలు అలంకారములు మూడు కాలములలో పాడువఱకు కృతి ఎప్పుడని అడుగకుడు.